చరిత్ర స్నేహది

ఏడో తరగతిలో ఉన్నప్పుడు సాయిసుధ, స్నేహ ప్రపంచాన్ని రెండుగా పంచుకున్నారు. రాజులు, యుద్ధాలు, కవులు, గుళ్ళు స్నేహకు వచ్చాయి. నదులు, లోహాలు, జబ్బులు, నక్షత్రాలు సుధకు వచ్చాయి. క్రికెట్ ఇద్దరికీ నచ్చదు కాబట్టి దాన్ని ఎవరూ తీసుకోలేదు. పెనుకొండ హైస్కూలు తరఫున ఎక్కడ క్విజ్ జరిగినా ఆ ఇద్దరే వెళ్ళేవారు. ప్రశ్న స్నేహదైతే సుధ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె ముఖం చూస్తూ కూర్చునేది. సుధదైతే స్నేహ కళ్ళు మూసుకునేది.

"నాది కాని ప్రశ్న వస్తే నాకి బో హాయి మే. నువ్వు ఉండావు గదా అని కండ్లు మూసుకుంటా," అనేది స్నేహ.

స్నేహ వాళ్ళకు పెనుకొండ బజారులో బట్టల అంగడి ఉండేది. ఇల్లు అంగడి వెనకే. సుధ నాయన నరసింహులు లారీ డ్రైవరు, ఎప్పుడు వస్తాడో ఎప్పుడు పోతాడో తెలియదు. అమ్మ యశోదమ్మ కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటకు పోతుంది. బడి వదిలాక సుధ తన ఇంటి తాళం తీసేది కాదు. నేరుగా అంగడి వెనక ఇంటికి పోయేది. అమ్మ బస్సు దిగే వేళ వరకు ఆ ఇద్దరూ బట్టల మూటల మీద పడుకుని ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునేవారు. స్నేహ వాళ్ళమ్మ ఉలిగమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి ఒకే పళ్ళెంలో పెట్టిచ్చేది.

తొమ్మిదో తరగతి మొదట్లో స్నేహ వాళ్ళ నాయన ధర్మవరంలో తన అన్నతో కలిసి పట్టు చీరల వ్యాపారంలోకి దిగాడు. పెనుకొండ అంగడి మూసేశారు. సామాన్ల ఆటో కదిలేటప్పుడు స్నేహ ఏడవలేదు. "ధర్మవరం ఎంత దూరం మే? రైలెక్కితే వచ్చేస్తా," అంది. సుధ కూడా ఏడవలేదు. అంత దగ్గరున్న ఊరికి పోతున్న మనిషి కోసం ఏడిస్తే బాగుండదనిపించింది.

మొదట్లో స్నేహ రోజూ వాళ్ళమ్మ ఫోన్లో మాట్లాడేది. కొత్త బడి, కొత్త వీధి, పొద్దస్తమానం వినబడే మగ్గాల చప్పుడు, అన్నీ చెప్పేది. తర్వాత ఆదివారాలు మాత్రమే. ఆ ఆదివారాల్లో కూడా మాటలు తగ్గిపోయాయి. "తిన్నావా?" "తిన్నా. నువ్వు?" "తిన్నా." ఆ తర్వాత ఎవరో ఒకరికి పని తగిలేది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, ఏ తగాదా రాలేదు. ఒక ఆదివారం ఫోను రాలేదు. తనే చేద్దామని సుధ ఫోను చేతిలోకి తీసుకుని, ఏం మాట్లాడాలో తోచక, కింద పెట్టేసింది. తర్వాత ఆదివారమూ అంతే.

సోషల్ చెప్పే సత్యభామ టీచర్ క్విజ్‌కు సుధ పక్కన శరత్‌ను కూర్చోబెట్టింది. శరత్ తెలివైనవాడు. క్రికెట్, రాజకీయాలు, లెక్కలు బాగా తెలుసు. సాయంత్రాలు ఖాళీ తరగతి గదిలో ఇద్దరూ బెంచీకి చెరో కొసన కూర్చుని చదువుకునేవారు. శరత్ మొదటి రోజే అడిగాడు, "నేను ఏమి చదవల్ల? నువ్వు ఏమి చదువుతావు?"

"నీకి ఇష్టమొచ్చింది చదువుకో. మిగిలింది నేను చదువుకుంటా," అంది సుధ.

మిగిలినది అంటే స్నేహ సగం. దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. ఇంటికి పోయి తాళం తీసి, అన్నం కుక్కరు పొయ్యి మీద పెట్టి, రాజుల పేర్లు, శాసనాలు, యుద్ధాలు గట్టిగా చదువుకునేది. ఇంట్లో ఆమె గొంతు తప్ప ఇంకొకటి వినబడేది కాదు. ఒక్కోసారి తనే ప్రశ్న అడిగి, కాసేపు ఆగి, తనే జవాబు చెప్పుకునేది. అమ్మ వచ్చి, "ఎవురితో మాట్లాడతాండావు పాపా?" అంటే, "చదువుకుంటాండా మా," అనేది.

పదో తరగతిలో ఉండగా ఒక టీవీ ఛానల్ వాళ్ళు బడి పిల్లలకు 'గంట మోగించు' అని క్విజ్ పోటీ పెట్టారు. సుధ, శరత్ మొదటి పోటీలన్నీ గెలుచుకుంటూ వచ్చారు. చివరి పోటీ హిందూపురంలో, ఒక కల్యాణ మండపంలో చిత్రీకరిస్తామన్నారు. గెలిచిన జట్టుకు హైదరాబాదులో జరిగే రాష్ట్ర పోటీకి అవకాశం. సత్యభామ టీచర్ కాగితం చదివి చెప్పింది: "మూడు జట్లు. హిందూపురం, మనం, ధర్మవరం. ధర్మవరం నుంచి పృథ్వీ అని ఒకడు, ఇంగ..." అని సుధ వైపు చూసి ఆగింది. "మన స్నేహ."

శరత్ ఉత్సాహంగా, "అయితే ఆ పాపకు ఏమొస్తాదో ఏమి రాదో నీకి తెలుసు గదా!" అన్నాడు.

"తెలుసు. సైన్సంటే భయం. చరిత్ర అయితే ఆపలేము," అంది సుధ. చెప్పాక నోట్లో చేదుగా అనిపించింది.

పోటీ రోజు సోమందేపల్లి మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని సుధ చదవలేదు. స్నేహ కనబడగానే ఏమనాలో అనుకుంటూ పోయింది. "ఏమ్మే, ఫోన్ చేయలే?" అంటే నిష్ఠూరంగా ఉంటుంది. "బాగుండావా?" అంటే పరాయిగా ఉంటుంది. హిందూపురం బస్టాండు వచ్చేదాకా ఒక మాట దొరకలేదు.

మండపంలో పెళ్ళి పందిరి ఉండాల్సిన చోట రంగు దీపాల సెట్టు వేశారు. మూడు బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక ఎర్ర గంట బటన్. వెనక వంటగది పక్క గదిలో పిల్లలకు మొహాలకు పౌడరు రాస్తున్నారు. స్నేహ అక్కడే అద్దం ముందు కూర్చుని ఉంది. పొడవైంది. జడ కత్తిరించి భుజాల దాకా వదిలింది. పక్కన పృథ్వీ ఆమె చెవిలో ఏదో చెబుతుంటే తలూపుతోంది. అద్దంలో సుధను చూసి లేచి నిలబడింది.

"సుధా! ఎప్పుడొస్తివి?"

"ఇప్పుడే. బస్సులో."

"టీచర్ వచ్చినారా?"

"వచ్చినారు. ఆడ కూర్చోనుండారు."

"మీ అమ్మ?"

"డ్యూటీ."

స్నేహ తలూపింది. పౌడరు రాసే ఆమె, "పాపా, కదలొద్దు" అనడంతో మళ్ళీ కుర్చీలో కూర్చుంది. పృథ్వీ సుధను ఒకసారి చూసి, "ఈ పాపేనా?" అని స్నేహను మెల్లగా అడిగాడు. సుధకు వినబడింది. స్నేహ ఏం చెప్పిందో వినబడలేదు. స్నేహ గురించి తను శరత్‌కు చెప్పినట్టే, తన గురించి స్నేహ కూడా పృథ్వీకి చెప్పి ఉంటుందని సుధకు తోచింది. నదులొస్తాయి, లోహాలొస్తాయి, రాజులు రారు అని.

పోటీ మొదలైంది. మొదటి రౌండ్లో జట్టుకు విడిగా ప్రశ్నలు. యాంకర్ నవ్వుతూ సుధను అడిగాడు: "లేపాక్షి ఆలయాన్ని కట్టించిన విరూపణ్ణ ఏ విజయనగర రాజు కాలంవాడు?"

"అచ్యుతదేవరాయలు," అంది సుధ తడుముకోకుండా.

అవతలి బల్ల దగ్గర స్నేహ తల గిర్రున తిరిగింది. సుధ ఆ చూపు గమనించింది. ఒక క్షణం గర్వంగా ఉంది, తర్వాత ఏదో చెప్పకుండా తీసుకున్నట్టు ఉంది.

హిందూపురం జట్టుకు సొంత ఊరి చప్పట్లు బాగా పడ్డాయి. పెన్నా నది మన రాష్ట్రంలోకి ఏ ఊరి దగ్గర అడుగుపెడుతుందని అడిగితే "హిందూపురం!" అని మండపమంతా ముందే అరిచింది, యాంకర్ ఆ ప్రశ్న రద్దు చేయాల్సి వచ్చింది. ఆ గందరగోళంలో హిందూపురం పిల్లలు కాస్త కంగారు పడ్డారు. వరసగా రెండు తప్పులు చెప్పి వెనకబడిపోయారు. మిగిలింది పెనుకొండ, ధర్మవరం. ఒకసారి వీళ్ళు ముందు, ఒకసారి వాళ్ళు ముందు. శరత్ క్రికెట్ ప్రశ్న కొట్టాడు, పృథ్వీ లెక్క కొట్టాడు. పాదరసం ఏ ఖనిజం నుంచి తీస్తారంటే సుధ గంట నొక్కి "సిన్నబార్" అంది.

తర్వాత ప్రశ్న: "ముడి పట్టుదారాన్ని ఉడకబెట్టి ఒక జిగురు పదార్థాన్ని తీసేస్తారు. దాని పేరేమిటి?"

ఇది తన ప్రశ్న. సుధ చెయ్యి బటన్ మీదికి పోయేలోపే అవతల గంట మోగింది.

"సెరిసిన్," అంది స్నేహ.

సైన్సు పుస్తకం తెరిస్తే తలనొప్పి వస్తుందనే స్నేహ. సుధ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ధర్మవరంలో ఉంది కాబట్టి పట్టు సంగతి తెలిసిందేమో అనుకుంది. కానీ ఆ తర్వాత స్నేహ రక్తం గురించి చెప్పింది, ఉల్కల గురించి చెప్పింది. ఒక్కసారి కూడా పృథ్వీ వైపు చూడలేదు, కళ్ళు మూసుకోలేదు. ఆ కొత్త ఊర్లో తలుపేసుకుని తనలాగే మిగతా సగం గట్టిగా చదువుకునే స్నేహ సుధ కళ్ళకు కట్టింది. ఇద్దరూ చెరో ఊర్లో ఒకే పని చేశారు. ఇప్పుడు స్నేహకు సుధ లేకున్నా జరిగిపోతుంది, సుధకు స్నేహ లేకున్నా జరిగిపోతుంది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"పాపా, ఈడ చూడు. యాడ చూస్తాండావు?" శరత్ మోచేత్తో పొడిచాడు.

చివరి ప్రశ్న అయ్యేసరికి రెండు జట్లూ సమానం. కెమెరాలు పట్టుకున్నవాళ్ళు దగ్గరికి జరిగారు. యాంకర్ నిబంధన ఇంకోసారి చెప్పాడు. ఒకే ప్రశ్న. ముందు గంట మోగించి సరైన జవాబు చెప్పినవాళ్ళు గెలిచినట్టు. గంట జట్టు నాయకుల ముందే ఉంటుంది. పెనుకొండకు సుధ. ధర్మవరానికి స్నేహ.

యాంకర్ చీటీ చూసి ముందు తనే నవ్వాడు. "తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధానిని పెనుకొండకు మార్చిన రాజు ఎవరు?"

వెనక కుర్చీల్లో సత్యభామ టీచర్ అమాంతం లేచి నిలబడింది. పెనుకొండలో ఏ పిల్లనడిగినా చెబుతుంది. శరత్ బల్ల కింద సుధ చెయ్యి తట్టాడు. "నొక్కు! నొక్కు!"

సుధకు జవాబు తెలుసు. పేరు నాలుక మీదే ఉంది. కానీ రాజు అన్న మాట వినగానే ఆమె చేతులు రెండూ ఒళ్ళోకి వచ్చేశాయి. తల స్నేహ వైపు తిరిగింది. ఆ సమయంలో ఆమెకు రెండు బల్లలున్నాయన్నది గుర్తు లేదు. ఇది స్నేహది, స్నేహ చెబుతుంది, అంతే.

గంట మోగింది. "తిరుమల దేవరాయలు," అంది స్నేహ.

"కరెక్ట్!"

సుధ ముఖం నిండా నవ్వు వచ్చింది. ఎన్నో సార్లు స్నేహ జవాబు చెప్పినప్పుడు వచ్చిన నవ్వే. కొట్టేశాం అనుకుంది. పైనుంచి రంగు కాగితాలు రాలాయి. అవి అవతలి బల్ల మీద రాలాయి. పృథ్వీ స్నేహ చెయ్యి పైకెత్తి అరుస్తున్నాడు. అప్పుడు గాని సుధకు తమ బల్ల ఏదో తెలియలేదు.

కిందికి దిగాక స్నేహ చుట్టూ వాళ్ళ బడివాళ్ళు, వాళ్ళ పెదనాన్న, ఛానల్ మనుషులు మూగారు. సుధ కాసేపు మెట్ల దగ్గర నిలబడింది. స్నేహ మనుషుల మధ్యలోంచి ఒకసారి చెయ్యి ఊపింది. సుధ కూడా ఊపింది. "బస్సు పోతాది, రా పాపా," అని టీచర్ భుజం పట్టుకుని నడిపించింది.

బస్సులో శరత్ సుధ పక్కనే కూర్చున్నాడు. పెనుకొండ కొండ దూరంగా కనబడేటప్పుడు అడిగాడు.

"నీకి జవాబు తెలీదా?"

"తెలుసు."

"మరి యాల నొక్కలే?"

సుధ కిటికీ వైపు తిరిగింది.

"నొక్కకపోతే పోనీ. నవ్వినావు గదా. నేను చూస్తి. మనం ఓడిపోతే నువ్వు నవ్వినావు." అతను సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. "మా నాయన హైదరాబాదు వస్తానని సెలవు కూడా అడిగినాడు, తెలుసా?"

"తప్పయింది శరత్," అంది సుధ. అతను ముందు సీటుకు మారిపోయాడు.

ఆ పోటీ టీవీలో వచ్చిన ఆదివారం అమ్మ క్యాంటీన్‌లో డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉంది. నాయన కూడా ఆ రోజు ఊర్లోనే ఉన్నాడు. చివరి ప్రశ్నకు స్నేహ జవాబు చెప్పగానే కెమెరా సుధ మీదికి తిరిగింది. ఆ నవ్వు తెరంతా నిండింది. ఛానల్ వాళ్ళు దాన్ని మళ్ళీ నెమ్మదిగా చూపించారు. కింద 'ఓటమిలోనూ చిరునవ్వు' అని రాశారు.

"మంచి గుణం నా కూతురిది," అన్నాడు నరసింహులు. "ఓడినా నవ్వుతాండాది చూడు."

యశోదమ్మ తల అడ్డంగా ఊపింది. కూతురి వైపు చూసి, "నువ్వు ఓడిపోయినట్ల నవ్వలే పాపా. గెల్చినట్ల నవ్వినావు," అంది. సుధ లేచి నీళ్ళు తాగడానికి లోపలికి పోయింది. అక్కడే నిలబడి, ఎవరికీ వినబడకుండా ఏడ్చింది.

మర్నాడు బడిలో ఆ నవ్వు గురించే అందరూ మాట్లాడారు. కొందరు మెచ్చుకున్నారు. కొందరు, స్నేహితురాలి కోసం కావాలనే ఓడిపోయిందని గుసగుసలాడారు. అది శరత్ చెవిన కూడా పడింది. సాయంత్రం ఖాళీ తరగతి గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగాడు, "నిజమేనా?"

సుధ ఈసారి చెప్పింది. ప్రపంచాన్ని పంచుకున్న సంగతి, చేతులు ఒళ్ళో పెట్టుకునే సంగతి, అన్నీ. శరత్ ఓపిగ్గా విన్నాడు. చివరికి తల గీరుకున్నాడు.

"కావాలని చేయలే అంటావు, అంతే గదా?"

"అంతే."

"సరేలే. నేను వాళ్ళకి అట్లనే చెప్తా." అతను సంచీ భుజాన వేసుకున్నాడు. "నాకి మాత్రం పూర్తిగా అర్థం కాలే." మైదానంలో ఎవరో పిలుస్తుంటే పరుగెత్తిపోయాడు. అతను మంచివాడే. మిగిలిన విషయం అతనికి చెప్పి ప్రయోజనం లేదు. ఎవరికి చెబితే అర్థమవుతుందో ఆ మనిషి ధర్మవరంలో ఉంది.

కొన్నాళ్ళకు ధర్మవరంలో సైన్సు ప్రతిభా పరీక్ష జరుగుతుందని సత్యభామ టీచర్ చెప్పింది. ఒక్కొక్కరే రాసే పరీక్ష. "జట్టు లేదు. పోతావా?" అంది. సుధ పోతానంది. పరీక్ష బాగానే రాసింది. బయటికి వచ్చాక రైలుకు ఇంకా వ్యవధి ఉంది. ఎవరికీ చెప్పకుండా, స్నేహ ఎప్పుడో ఫోన్లో చెప్పిన అంగడి పేరు గుర్తు తెచ్చుకుని, చీరల బజారులోకి నడిచింది. ఫోను చేసి వస్తున్నానని చెప్పలేదు. ఎదురుగా నిలబడితే మాటలు వాటంతటవే వస్తాయని నమ్మింది.

అంగడి పెద్దది. తెల్ల పరుపుల మీద చీరలు విప్పి చూపిస్తున్నారు. గల్లాపెట్టె పక్కన కూర్చున్న ఉలిగమ్మ చూసి ఎదురొచ్చింది.

"మన సుధ కాదూ! ఎంత పెద్దదైపోయినావే! టీవీలో చూస్తిమి. రా, కూర్చో."

"స్నేహ ఉండాదా అత్తా?"

"అయ్యో, హైదరాబాదు పోయింది గదా! రాష్ట్ర పోటీకి ముందే కోచింగంట. పృథ్వీ వాళ్ళమ్మ తోడు పోయింది. నీకి చెప్పలేదా?"

"చెప్పింది. నేనే మర్చిపోయినా," అంది సుధ.

ఉలిగమ్మ మేడ మీదికి తీసుకుపోయి ఉగ్గాని పెట్టింది. అదే రుచి. పక్కన కూర్చుని ఆమె తన దిగులు తను చెప్పుకుంది. "మా పాప ఇప్పుడు ఎవురితోనూ పెద్దగా మాట్లాడదమ్మా. బడి నుంచి వస్తానే గదిలోకి పోయి తలుపేసుకుంటాది. లోపల ఒకతే గట్టిగా ప్రశ్నలడుగుతాది, జవాబు చెప్పుకుంటాది. పెనుకొండలో ఉన్నప్పుడు ఎంత నవ్వేది! ఊరు మారితే పిల్లలు మారిపోతారేమో."

సుధ చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. తలెత్తి ఎదురుగా మూసి ఉన్న స్నేహ గది తలుపు చూసింది. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుని, పళ్ళెం ఖాళీ చేసింది.

పోయేటప్పుడు ఉలిగమ్మ గుమ్మం దాకా వచ్చింది. "పాప వస్తే ఏమన్నా చెప్పల్నా?"

సుధ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఆలోచించింది. బస్సులో దొరకని మాట ఇప్పుడూ దొరకలేదు.

"ఊరికే వస్తినని చెప్పండి అత్తా," అంది.

వీధిలో ఎండ తగ్గింది. ఇళ్ళ లోపల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. సుధ దారి అడుక్కుంటూ స్టేషన్‌కు నడిచి, టికెట్ తీసుకుని, పెనుకొండ వైపు పోయే బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుంది.